పాఠం 12: ఒక ప్రాంతీయ హోటళ్ల సంస్థ – పుట్టుక, ఎదుగుదల

12.1 పరిచయం

సొంత వ్యాపారం, భాగస్వామ్యం, కంపెనీ, సహకార సంఘం అనే వ్యాపార సంస్థల రూపాలను గురించి మీరు కిందటి పాఠంలో చదివారు. ఒక చిన్న దుకాణం బాగా నడుస్తున్నప్పుడు దాని యజమానికి కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. రెండో దుకాణం తెరవాలా? తెరిస్తే ఎవరి డబ్బుతో తెరవాలి? దాని అజమాయిషీ ఎవరు చూడాలి? ఈ ప్రశ్నలకు ఒక కుటుంబం ఏ జవాబు చెప్పుకొన్నదో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆ కుటుంబం నడుపుతున్న సంస్థ పేరు ఇన్-ఎన్-అవుట్ బర్గర్. అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టింది.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఫ్రాంచైజీ పద్ధతి అంటే ఏమిటో వివరించగలుగుతారు;
• ఒక సంస్థ ఎదుగుదలను అంకెల సాయంతో లెక్కకట్టగలుగుతారు;
• నెమ్మదిగా విస్తరించడంలోని లాభనష్టాలను చర్చించగలుగుతారు.

12.3 హాంబర్గర్ అంటే ఏమిటి?

గొడ్డు మాంసం ఖీమాను బిళ్లగా తట్టి, పెనం మీద కాల్చి, రెండుగా కోసిన బన్ను మధ్య పెట్టి ఇస్తారు. దానినే హాంబర్గర్ అంటారు. జర్మనీలోని హాంబర్గ్ నగరం పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. చేతితో పట్టుకుని తినవచ్చు; కొద్ది నిమిషాల్లో తయారవుతుంది. అందువల్ల కార్లలో తిరిగే అమెరికా ప్రజలకు అది అనుకూలమైన తిండి అయింది.

12.4 ఒకే ఏడాది, రెండు దారులు

1948 అక్టోబరులో హారీ స్నైడర్, ఎస్తర్ స్నైడర్ అనే దంపతులు లాస్ ఏంజెలెస్ దగ్గరి బాల్డ్విన్ పార్కులో ఒక దుకాణం తెరిచారు. అది పది అడుగుల గది మాత్రమే. హారీ తెల్లవారకముందే మార్కెట్టుకు వెళ్లి మాంసం, కూరగాయలు స్వయంగా ఎంచి తెచ్చేవాడు. ఎస్తర్ లెక్కలు రాసేది. ఆ రోజుల్లో ఇటువంటి దుకాణాల్లో పనివారు కారు దగ్గరకు వచ్చి ఆర్డరు తీసుకుని, తిండి అందించేవారు. హారీ ఈ పద్ధతి మార్చాడు. మాటలు ఇటూ అటూ వినిపించే స్పీకరు పెట్టె అమర్చాడు. కొనేవారు కారు దిగకుండానే దానిలో ఆర్డరు చెప్పి, కిటికీ దగ్గర పొట్లం తీసుకుని వెళ్లిపోయేవారు.

అక్కడికి అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలోని శాన్ బెర్నార్డినోలో రిచర్డ్, మారిస్ మెక్‌డోనాల్డ్ అనే అన్నదమ్ములు కూడా అదే ఏడాది తమ హోటలును కొత్త పద్ధతిలోకి మార్చారు. కారు దగ్గర అందించే పనివారిని తీసివేశారు. వంటకాల సంఖ్య తగ్గించారు. హాంబర్గరును 15 సెంట్లకు అమ్మారు. 1954లో రే క్రాక్ అనే వ్యాపారి ఆ హోటలును చూశాడు. 1955లో ఇల్లినాయ్ రాష్ట్రంలో అదే పేరుతో తన మొదటి హోటలు తెరిచాడు. 1961లో 27 లక్షల డాలర్లు చెల్లించి అన్నదమ్ముల హక్కులన్నీ కొన్నాడు. ఆయన ఎన్నుకున్నది ఫ్రాంచైజీ పద్ధతి.

12.5 ఫ్రాంచైజీ పద్ధతి

ఒక సంస్థ తన పేరును, తయారీ పద్ధతిని వాడుకొనే హక్కును వేరొకరికి ఇస్తుంది. ఆ వ్యక్తి తన పెట్టుబడితో దుకాణం తెరుస్తాడు. ప్రారంభంలో కొంత రుసుమును, ఆ తరువాత అమ్మకాలలో కొంత వాటాను సంస్థకు చెల్లిస్తాడు. ఇతరుల డబ్బు తోడవడం వల్ల ఈ పద్ధతిలో సంస్థ త్వరగా విస్తరిస్తుంది. మెక్‌డోనాల్డ్స్ 1959కే 100 హోటళ్లకు చేరింది. 1958లో స్నైడర్ దంపతులకు ఉన్నవి 5 మాత్రమే.

స్నైడర్ కుటుంబం ఎవరికీ ఫ్రాంచైజీ ఇవ్వలేదు. దుకాణాలన్నీ సంస్థవే.

పాఠగత ప్రశ్నలు 12.1
1. కారు దిగకుండా ఆర్డరు చెప్పడానికి హారీ స్నైడర్ ఏమి అమర్చాడు?
2. ఫ్రాంచైజీ పద్ధతిలో పెట్టుబడి ఎవరు పెడతారు?

12.6 ఎదుగుదల – అంకెలలో

సంవత్సరం – హోటళ్ల సంఖ్య
1948 – 1
1958 – 5
1976 – 18
1993 – 93
1999 – 140
2023 – సుమారు 400

మొదటి 28 ఏళ్లలో కొత్తగా చేరినవి 17. అంటే ఏడాదికి ఒకటి కూడా లేదు. తరువాతి 17 ఏళ్లలో చేరినవి 75. ఏడాదికి నాలుగు కన్నా ఎక్కువ. ఈ మార్పు ఎలా వచ్చింది?

1976లో హారీ మరణించాడు. చిన్న కుమారుడు రిచ్ 24వ ఏట బాధ్యత తీసుకున్నాడు. దుకాణాల సంఖ్య పెంచాలంటే, వాటిని నడిపే మనుషులు ముందుగా తయారు కావాలి. అందుకే 1984లో మేనేజర్ల కోసం బాల్డ్విన్ పార్కులో ఒక శిక్షణ కేంద్రం నెలకొల్పాడు. పనివారికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కన్నా ఎక్కువ ఇవ్వడం కూడా ఈ సంస్థ పద్ధతి. పనివారు తరచుగా మారిపోతే శిక్షణకు పెట్టిన ఖర్చు వృథా అవుతుందని గమనించండి.

1992లో ఈ సంస్థ మొదటిసారిగా కాలిఫోర్నియా దాటి, నెవాడా రాష్ట్రంలోని లాస్ వేగాస్‌లో హోటలు తెరిచింది.

12.7 దూరమే హద్దు

ఈ హోటళ్లలో ఫ్రీజర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు ఉండవు. మాంసపు బిళ్లలను సంస్థ తన సొంత కేంద్రాలలో తయారుచేసి, గడ్డకట్టించకుండా పంపుతుంది. బంగాళాదుంపలను ఏ హోటలులో వేయిస్తారో ఆ హోటలులోనే కోస్తారు. కాబట్టి కొత్త హోటలు సరఫరా కేంద్రం నుంచి లారీ ఒక్క రోజులో చేరగల దూరంలో ఉండాలి. 2011లో టెక్సాస్‌లో ప్రవేశించినప్పుడు, 2020లో కొలరాడోలో ప్రవేశించినప్పుడు అక్కడ కొత్త కేంద్రాలు కట్టవలసి వచ్చింది. ఈ సంస్థ చాలాకాలం ఒక ప్రాంతానికే పరిమితం కావడానికి ముఖ్య కారణం ఇదే.

12.8 లాభనష్టాలు

అన్ని హోటళ్లలో ఒకే రుచి, ఒకే శుభ్రత నిలపడం ఈ పద్ధతిలో సులభం. లాభం మొత్తం సంస్థలోనే ఉంటుంది. నిర్ణయాలు యజమానుల చేతిలో ఉంటాయి.

నష్టాలు కూడా తక్కువ కాదు. దుకాణాలు కొద్దిగా ఉన్నప్పుడు ఒక్కటి పోయినా దెబ్బ పెద్దది. బాల్డ్విన్ పార్కులోని మొదటి దుకాణాన్ని 1954లో రహదారి నిర్మాణం కోసం తొలగించారు. అప్పటికి వారికి 1951లో కొవీనాలో తెరిచిన రెండో దుకాణం ఉంది. ఒక్కటే ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వారసత్వం మరొక చిక్కు. 1993 డిసెంబరులో రిచ్ విమాన ప్రమాదంలో మరణించాడు. అతని అన్న గై కూడా 1999లో మరణించాడు. 2006లో ఎస్తర్ కన్నుమూసింది. గై కుమార్తె లిన్సీ స్నైడర్ 2010లో అధ్యక్షురాలయింది. యజమానులు పోయినా హోటళ్లు నడిచాయంటే, పని తెలిసిన మేనేజర్లు అప్పటికే తయారై ఉండడం అందుకు తోడ్పడింది.

రెండో దారి తప్పు అనుకోకూడదు. మెక్‌డోనాల్డ్స్ 1996లో భారతీయ భాగస్వాములతో కలిసి ఢిల్లీలో హోటలు తెరిచింది. గొడ్డు మాంసం, పంది మాంసం లేని వంటకాలతో మన ప్రజల అలవాట్లకు తగ్గట్టు మారింది. స్థానిక భాగస్వాములు లేకుండా అంత దూరం రావడం కష్టం. ఎంత వేగంగా పెరగాలన్నది ఎంత అజమాయిషీ వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

12.9 మీరు నేర్చుకున్నది

• ఫ్రాంచైజీ వల్ల విస్తరణ త్వరగా జరుగుతుంది. అజమాయిషీ పంచుకోవలసి వస్తుంది.
• సొంత దుకాణాలతో విస్తరణ నెమ్మది. నాణ్యత చేతిలో ఉంటుంది.
• సరఫరా, శిక్షణ సిద్ధమైన మేరకే సంస్థ నిలకడగా ఎదుగుతుంది.

12.10 పాఠాంత ప్రశ్నలు

1. 1999 నుంచి 2023 వరకు ఏడాదికి సగటున ఎన్ని హోటళ్లు చేరాయో లెక్కకట్టండి.
2. ఇన్-ఎన్-అవుట్ సంస్థ చాలాకాలం ఒక ప్రాంతానికే ఎందుకు పరిమితమయింది?
3. మీ ఊరిలో బాగా నడిచే ఒక టిఫిన్ హోటలు యజమానితో మాట్లాడండి. ఆయన రెండో హోటలు ఎందుకు తెరిచారో, లేదా ఎందుకు తెరవలేదో పది వాక్యాలలో రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు 12.1
1. మాటలు ఇటూ అటూ వినిపించే స్పీకరు పెట్టె.
2. ఫ్రాంచైజీ తీసుకున్న వ్యక్తి.