పండ్ల అంగడి బొమ్మ

పిల్లలూ! డిసెంబరు నెలలో మన మారిషస్ బజారు ఎలా ఉంటుందో మీకు తెలుసు. లీచీ గుత్తులు ఎర్రగా మెరుస్తూ ఉంటాయి. మామిడిపండ్లు, అనాసపండ్లు కుప్పలు పోసి అమ్ముతారు. అదే నెలలో జర్మనీ దేశంలో చలికాలం. చాలా చెట్లకు ఆకులు కూడా ఉండవు. అక్కడ మామిడి తోటలు లేవు, కొబ్బరి తోటలు లేవు.

ఈ రోజుల్లో మన పండ్లు విమానాల మీద జర్మనీకి వెళ్తున్నాయి. మూడు వందల యాభై ఏండ్ల క్రిందట అలా కాదు. తెరచాప ఓడ జావా దీవి నుండి ఐరోపా చేరడానికి చాలా నెలలు పట్టేది. ఆలోగా పండ్లు కుళ్ళిపోయేవి. మరి అక్కడివారు దీవుల పండ్లను ఎలా చూశారు? చిత్రకారులు గీసిన బొమ్మలలో చూశారు.

అటువంటి చిత్రకారులలో ఒకడు ఆల్బర్ట్ ఎక్‌హౌట్. అతడు డచ్చివాడు. జర్మనీలో పుట్టిన యోహాన్ మౌరిట్స్ అనే ప్రభువు కొలువులో 1637 నుండి 1644 వరకు బ్రెజిల్ దేశంలో ఉన్నాడు. అక్కడి పండ్లను, మనుషులను కళ్ళారా చూచి గీశాడు. తరువాత 1653 నుండి 1663 వరకు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఆస్థాన చిత్రకారుడుగా పనిచేశాడు. ఆ నగరం దగ్గర రాడెబాయిల్ అనే ఊరిలో, ద్రాక్షతోటల నడుమ, హోఫ్‌లోస్నిట్స్ అనే భవనం ఉన్నది. తల ఎత్తి చూస్తే దాని పైకప్పు మీద 80 పక్షుల బొమ్మలు కనిపిస్తాయి. అవి ఎక్‌హౌట్ గీసినవే అంటారు.

అతడు గీసినదని చెప్పే మరొక చిత్రం పండ్ల అంగడి. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్నది. అందులోని అంగడి జావా దీవిలోని బటావియా నగరానిది. ఆ నగరాన్ని నేడు జకార్తా అంటారు. అంగడిలో ఒక చీనా వర్తకుడు, ఒక జావా స్త్రీ ఉన్నారు. అరటిపండ్లు, కొబ్బరికాయలు ఉన్నాయి. పనసకాయ వలె ముళ్ళున్న దురియన్ పండు కూడా ఉన్నది.

ఇది తైలవర్ణ చిత్రం. రంగు పొడిని అవిసె నూనెలో మెత్తగా నూరి, గుడ్డ మీద కుంచెతో పూస్తారు. నూనె రంగు త్వరగా ఆరదు. అందుచేత ఆకుపచ్చను మెల్లమెల్లగా పసుపులో కలపవచ్చు. పండు తొక్క మీది నిగనిగ కూడా చూపవచ్చు.

ఎక్‌హౌట్ జావా దీవిని చూడలేదు. ఇతరులు తెచ్చిన బొమ్మలను, చెప్పిన మాటలను ఆధారం చేసుకొని గీసి ఉండాలి. అయినా పండ్లను గుర్తు పట్టగలుగుతున్నాము. కాని ఒక సంగతి గమనించండి. వర్తకుడు, స్త్రీ బొమ్మలో ఉన్నారు. పండ్లను పండించినవారు ఎక్కడ? వారు బొమ్మలో లేరు.

1639లో డచ్చివారు అదే జావా దీవి నుండి మన దీవికి చెరకు తెచ్చారు. ఆ చెరకు తోటల్లో మొదట బానిసలు కష్టపడ్డారు. 1834 తరువాత మన పూర్వులు ఒప్పంద కూలీలుగా వచ్చారు. పంచదార తిన్న దూరదేశాలవారు వారి ముఖాలు చూడలేదు. కాని వారి పేర్లు, కొందరి ఛాయాచిత్రాలు మోకా గ్రామంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు అడగండి: "ఈ పండు ఏ ఊరిది? ఎవరు పండించారు?" ఇంటికి వచ్చి బొమ్మ గీయండి. పండ్ల ప్రక్కన పండించినవారిని కూడా గీయండి. క్రింద వారి పేరు వ్రాయండి.

కొత్త మాటలు

అంగడి = దుకాణం
తైలం = నూనె
ఆస్థానం = రాజు కొలువు
పూర్వులు = తాత ముత్తాతలు

ప్రశ్నలు

1. పూర్వం దీవుల పండ్లు ఐరోపాకు ఎందుకు చేరలేదు?
2. ఎక్‌హౌట్ డ్రెస్డెన్‌లో ఎన్ని ఏండ్లు పనిచేశాడు?
3. నూనె రంగులతో గీయడంలో సౌకర్యం ఏమిటి?
4. అంగడి బొమ్మలో ఎవరు లేరు?
5. మీ పూర్వులు ఏ ఊరి నుండి వచ్చారు? ఇంట్లో పెద్దవారిని అడిగి మూడు వాక్యాలు వ్రాయండి.