గైడు మూసి రాసిన వ్యాసం

గార్లదిన్నె నుంచి అనంతపురం కాలేజీకి బస్సులో వెళ్లివచ్చే ఇంగ్లీషు విద్యార్థులు డిగ్రీ అయ్యేలోగా సాహిత్యంలో స్త్రీ పాత్రల మీద చాలా వ్యాసాలే రాస్తారు. ఇబ్సెన్ నోరా అయినా, షార్లెట్ బ్రాంటీ జేన్ ఎయిర్ అయినా ఒకటే మాట: పితృస్వామ్యాన్ని ఎదిరించిన ధీరవనిత. అది గైడు మాట. అందరికీ అతికే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. మార్కులు వస్తున్నాయి కదా అంటారు. వస్తాయి. కానీ మూడేళ్లు పరాయి అభిప్రాయాన్ని చక్కటి దస్తూరీతో దించినవాళ్లను రేపు ఇంటర్వ్యూలోనో, పెళ్లి మాటల దగ్గరో 'నువ్వేమంటావు?' అని అడిగితే నోరు పెగలదు.

నోరానే తీసుకోండి. 1879 నాటి 'డాల్స్ హౌస్' చివర ఆమె ఇల్లు విడిచి వెళ్లడం గురించి అందరూ రాస్తారు. అంతకుముందు సంగతో? భర్త ఆరోగ్యం కోసం తండ్రి సంతకం తానే పెట్టి అప్పు తెచ్చింది. ఆయనకు తెలియకుండా రాత్రిళ్లు నకళ్లు రాసి ఆ డబ్బుతోనూ కొంత తీర్చింది. చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా పొదుపు సంఘం కంతు ఎలాగో కట్టే తల్లులున్న ఊరి పిల్లలకు ఈ నోరా తెలిసినంతగా గైడు రాసినాయనకు తెలియదు. ఆ తెలివిడిని మీరెందుకు గడప బయటే నిలబెడుతున్నారు?

సొంత జీవితాన్ని చొప్పిస్తే పాత్రలో లేనిది అంటగడతామేమో అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనము'ను వీరేశలింగం అసభ్యమన్నారు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన నాగరత్నమ్మకు ఆ కవయిత్రి మరోలా కనిపించింది. అయితే ఆ అభిమానంతోనే ఆగిపోలేదు. అచ్చుప్రతిలో లోపాలున్నాయని గుర్తించి, రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో సొంత పీఠికతో ప్రచురించింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగ కవులకు వర్తించదా అని అందులో నిలదీసింది. పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947 దాకా తొలగలేదు. తన చూపు, మూలగ్రంథం రెండూ చేతిలో ఉన్నాయి గనుకే అంత గట్టిగా మాట్లాడగలిగింది.

మీరూ ఆ పనే చేయాలి. ఒక అంకం చదవండి, పుస్తకం మూయండి. అందులోని పాత్ర ఏం చేసింది, ఎందుకు చేసింది, మీరు ఒప్పుకుంటారా, గుర్తున్నంతవరకు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, అందులో ఆధారం దొరకని ప్రతి వాక్యం కొట్టేయండి. చూడకుండా గుర్తుచేసుకున్నదే ఎక్కువకాలం నిలుస్తుందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్ చేసిన ప్రయోగాలూ చూపాయి. నిఘంటువు, గ్రంథాలయం, రోజూ పత్రిక, ఇవన్నీ మంచివే, కానీ ఈ కొట్టివేత తర్వాతే. ఇంగ్లీషు రాదంటారా? మొదటి ప్రతి తెలుగులో రాయండి, ఎవరూ వద్దనరు. నోరా అప్పు సంగతి మొదటి అంకంలోనే ఉంది. ఈ వారం అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.