కళాశాల ప్రతినిధి పాటింపవలసిన నియమములు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన మరునాటి నుండి కళాశాలల ప్రతినిధులు మన యూళ్లలో ఇల్లిల్లు తిరుగుట ప్రతి యేటను చూచుచున్నాము. జనులు వీరిని పి.ఆర్.ఓ.లందురు. వీరి పని నింద్యమైనది కాదు. డిగ్రీ చదువును గురించి చెప్పువారే లేని యింటికి వీరి రాక మేలు చేయగలదు. అయితే ఆ మేలంతయు వారి మాటలోని సత్యముపై నిలిచియున్నది.

నా వద్ద పదవ తరగతి వరకు చదివిన యొక బాలిక 2019లో ఇంటర్మీడియట్ ముగించినది. తండ్రి దర్జీ. ఒక ప్రతినిధి వారి యింటికి వచ్చి, తమ కళాశాలలో బాలికలకు హాస్టలు కలదని చెప్పెను. ఫోనునకు వచ్చిన ఓ.టి.పి.ని అడిగి తీసికొని, తెలంగాణ డిగ్రీ ప్రవేశములకు ఏర్పడిన ‘దోస్త్’ పద్ధతిలో తన కళాశాల నొక్కదానినే నమోదు చేసెను. సీటు వచ్చినది. వెళ్లి చూడగా హాస్టలు లేదు. ప్రతిదినము దూరప్రయాణమునకు తండ్రి సమ్మతింపలేదు. అప్పగించిన మార్కుల పత్రములు తిరిగి చేతికందు సరికి గడువు తీరిపోయినది. ఒక్క అబద్ధమునకు ఆ బిడ్డ చదువులో ఒక సంవత్సరము పోయినది.

ఇట్టి నష్టము కలుగకుండ ప్రతినిధి పాటింపవలసిన నియమము లివి.

మొదటిది: తాను ఏ కళాశాల పక్షమున వచ్చెనో, అది ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధమో ముందుగా తెలుపవలెను. 1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము డిగ్రీ నొసగు అధికారము విశ్వవిద్యాలయములకును, చట్టము గుర్తించిన సంస్థలకును మాత్రమే కలదు. చేర్చిన విద్యార్థుల సంఖ్యను బట్టి తనకు ప్రతిఫలము లభించునెడల ఆ సంగతియు దాచరాదు.

రెండవది: తాను చెప్పుటకు ముందు విద్యార్థి కోరిక నడుగవలెను. ఆ కోర్సు తమ కళాశాలలో లేనిచో లేదని చెప్పవలెను. నేడే కట్టకున్న సీటు పోవునని తొందరపెట్టరాదు.

మూడవది: ట్యూషను, పరీక్ష, బస్సు, హాస్టలు రుసుములను వేరువేరుగ కాగితముపై వ్రాసి యీయవలెను. “ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చును, మీరు పైసా కట్టనక్కరలేదు” అనుట తగదు. అర్హతను నిర్ణయించునది ప్రభుత్వము గాని కళాశాల కాదు. ఆ సొమ్ము ఆలస్యమైనచో కళాశాల విద్యార్థి నేమి కోరునో కూడ ముందే చెప్పవలెను.

నాలుగవది: 2016 నుండి నడచుచున్న దోస్త్‌లో కళాశాలలను ఎంచుకొను హక్కు విద్యార్థిది. ప్రతినిధి విధానమును వివరింపవచ్చును గాని, ఓ.టి.పి.నడుగరాదు, విద్యార్థికి బదులు తాను నమోదు చేయరాదు.

ఐదవది: అసలు ధ్రువపత్రములను పట్టి యుంచరాదు. వానిని పరిశీలించి వెంటనే తిరిగి యీయవలెననియు, నడచుచున్న సెమిస్టరునకో సంవత్సరమునకో మించి ముందుగా రుసుము వసూలు చేయరాదనియు యు.జి.సి. 2018 అక్టోబరులో ప్రకటించినది. విద్యార్థి చేరిక మానుకొన్నచో గడువులను బట్టి రుసుము తిరిగి చెల్లించు పద్ధతియు అందు కలదు. తరువాత కొన్ని సంవత్సరములకు వేరుగ తేదీలను ప్రకటించుటయు జరిగినది. కావున ఆ యేటి నిబంధనను చూపుట ప్రతినిధి బాధ్యత.

ఈ నియమములను పాటించిన కళాశాలకు మొదటి యేట కొందరు విద్యార్థులు తగ్గవచ్చును. అయినను చెప్పినదంతయు నిజమని తెలిసిన కుటుంబము మరుసటి యేట తమ్ముని, చెల్లెలిని అచ్చటికే పంపును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఇంటికి వచ్చిన ప్రతినిధిని నిరాదరింపకుడు. కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, ఆయన చెప్పునదంతయు వినుడు. పిదప కాగితము, కలము చేతికిచ్చి, “అయ్యా, ఇప్పుడు చెప్పిన మాటలనే దీనిపై వ్రాసి సంతకము చేయుడు” అని కోరుడు. సత్యము పలికిన వానికి ఆ కలము బరువు కాదు.