వృద్ధుల సొమ్ము – మన కాపుదల

చదువవలసిన భాగములు: ఆదికాండము 27వ అధ్యాయము, యెహోషువ 9వ అధ్యాయము.



ఇస్సాకు ముసలివాడై చూపు పోయిన దినములలో అతని గుడారమునందే మోసము జరిగెను. గొంతు చిన్న కుమారునిదని అతడు గుర్తించెను, అనుమానించెను, ప్రశ్నించెను. అయినను మేకపిల్లల చర్మము కప్పిన చేతులను తడిమి, వస్త్రముల వాసన చూచి, తన చెవి చెప్పిన సత్యమును త్రోసివేసెను. ఒక్క సేవకుని పిలిచి చూడుమనినయెడల ఆ మోసము నిలిచియుండునా?

ఈ దినములలో మోసగాడు గుడారములోనికి రానక్కరలేదు. మన తంబళ్లపల్లె, మదనపల్లె ప్రాంతములనుండి అనేకుల బిడ్డలు బెంగళూరునకు, కువైటునకు పనికి వెళ్లియున్నారు. తల్లిదండ్రులు ఫోను చేతబట్టుకొని వారి మాటకొరకు కనిపెట్టుకొనియుందురు. ఆ ఫోనులోనే ఒకడు, నీ కొడుకును పోలీసులు పట్టుకొనిరి, వెంటనే డబ్బు పంపుమని పలుకును. మనుష్యుని గొంతును యంత్రముచేత అనుకరించుట కూడ నేడు సాధ్యమే. గనుక గొంతు విని నమ్మరాదు. ఫోను పెట్టివేసి, మనకు తెలిసిన కుమారుని నంబరునకు మనమే ఫోను చేయవలెను.

డిజిటల్ అరెస్టు అనునది మరియొక మోసము. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియో కాల్‌లో కనబడి, నీ ఆధార్ కార్డు నేరములో దొరికినదని బెదిరించి, ఎవరితోను చెప్పవద్దనును. మన దేశ చట్టములో ఇట్టి అరెస్టు లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన రేడియో ప్రసంగములో ఈ సంగతినే చెప్పిరి. చదువు లేనివారే మోసపోవుదురని తలంచవద్దు. 2024లో వర్ధమాన్ మిల్లుల అధిపతి, 82 ఏండ్ల ఎస్.పి. ఓస్వాల్, బూటకపు సుప్రీంకోర్టు విచారణను నమ్మి 7 కోట్ల రూపాయలు పంపిరి. 2025 సెప్టెంబరులో హైదరాబాదునందు 76 ఏండ్ల విశ్రాంత వైద్యురాలొకరు ఇట్టి బెదిరింపులకు లోనై, 6 లక్షలకు పైగా పోగొట్టుకొని, గుండెపోటుతో మరణించిరి.

గిబియోనీయులు చినిగిన చెప్పులు, బూజుపట్టిన రొట్టెలు చూపి దూరదేశస్థులమనిరి. ఇశ్రాయేలు పెద్దలు దేవునియొద్ద విచారింపకయే ఒడంబడిక చేసిరి. మూడు దినములు గడవగానే నిజము బయటపడెను. ఆ మూడు దినములు ముందే ఆగియుండినయెడల మోసమునకు తావుండెడిది కాదు.

మోసగాని ఆయుధములు మూడు: భయము, తొందర, రహస్యము. ఆగుట తొందరను విరుచును. ఒకరితో చెప్పుట రహస్యమును విరుచును. ఈ రెండును విరిగినప్పుడు భయము తానే తగ్గును.

ఇంటింట నేర్పవలసిన సంగతులు:

1. డబ్బు పుచ్చుకొనుటకు యూ.పి.ఐ. పిన్ అక్కరలేదు. పిన్ కొట్టుట మన డబ్బు పంపుటకే. పిన్, ఓ.టి.పి. ఎవరికిని చెప్పరాదు.

2. పి.ఎం. కిసాన్ డబ్బు అనియు, బ్యాంకు పని అనియు వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైలును తెరువరాదు.

3. డబ్బు పోయినయెడల ఆ క్షణమే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పారిపోకముందే చెప్పినయెడల దానిని నిలుపుటకు వీలుండును.

ఇచ్చట యౌవనస్థులకు ఒక మాట. మోసపోయిన తండ్రిని, అవ్వను నలుగురిలో గద్దించితిమా, మరుసారి వారు దాచిపెట్టుదురు. దాచిన ప్రతి గంట దొంగకే లాభము. ఫోను చూపించి, “ఇది నిజమేనా నాయనా?” అని ముసలివారు పదిసార్లు అడిగినను విసుగుకొనకుము. ఆ ప్రశ్నయే వారికి కోట. సహాయము చేయువాడు కూడ వారి పిన్‌ను తన చేతిలో ఉంచుకొనరాదు. ఇస్సాకును మోసగించినది పరాయివాడు కాడు. తలనెరసినవారిని గౌరవించుడని లేవీయకాండము 19వ అధ్యాయము బోధించుచున్నది. వారిమాట ఓపికతో వినుటయు ఆ గౌరవమే.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. ఇస్సాకు తన మొదటి అనుమానమును ఎందుకు విడిచిపెట్టెను?

2. మీ వీధిలో ఒంటరిగానున్న వృద్ధులెవరు? సందేహము కలిగినప్పుడు వారు ఎవరికి ఫోను చేయుదురు?

3. ఆ నంబరును పెద్ద అక్షరములతో వ్రాసి వారి గోడకు అంటించుటకు ఈ వారము ఎవరు వెళ్లుదురు?