కాలు మరల నేర్చు నడక

మోకాలి కీలు బొత్తిగా అరిగిపోయినవారికి వైద్యులు శస్త్రచికిత్స చేసి, అరిగిన ఎముక కొనలను తొలగించి, లోహముతోను గట్టి ప్లాస్టిక్కుతోను చేసిన కృత్రిమపు కీలును అమర్చుదురు. లోహమును, పాలిథిలీన్ అను ప్లాస్టిక్కును ఇట్లు జతపరచి 1962వ సంవత్సరమున ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను వైద్యుడు తుంటికీలు విషయమున గొప్ప విజయము సాధించెను. మోకాలి వంతు తరువాత వచ్చెను. శస్త్రచికిత్స ఒకటి రెండు గంటలలో ముగియును. ఆపై శ్రమ యంతయు రోగిదే.

కోత మానునప్పుడు కీలు లోపల మచ్చవంటి గట్టి పొర ఏర్పడును. కాలు కదలింపక యుంచినచో ఆ పొర బిగిసి కీలును పట్టివేయును. మొదటి కొన్ని వారములలో రాని వంపు పిమ్మట వచ్చుట కష్టము. ఒక్కొక్కప్పుడు రోగికి మరల మత్తిచ్చి వైద్యుడే కాలు వంచవలసివచ్చును. చదునైన నేలపై నడచుటకు మోకాలు సుమారు 65 డిగ్రీలు వంగిన చాలును. మెట్లెక్కుటకు సుమారు 85 కావలెను. కుర్చీనుండి లేచుటకు 90 దాటవలెను. నొప్పికి వెరచి 70 వద్ద ఆగిపోయిన వృద్ధురాలు వాకిట తిరుగగలదు గాని, మేడమీద నున్న కొడుకు గదికి పోవుట దుర్లభము.

వ్యాయామములు వింతవి కావు. పండుకొని పాదములను పైకి క్రిందికి ఆడించుట, తొడ కండరములను బిగబట్టి విడుచుట, మడమను పరుపుపై జరుపుచు మోకాలు వంచుట – ఇంతే. కాని వానిని దినమునకు పలుమారులు, వారముల తరబడి, నొప్పి నోర్చి చేయవలెను. ఫిజియోథెరపిస్టు పట్టణమున నుండును. రోగి పల్లెలో నుండును. ఆసుపత్రివారిచ్చిన బొమ్మల కాగితము మూడవనాటికి దిండు క్రిందికి చేరును. ఈ దూరమును తగ్గించుటకు సెల్‌ఫోను యాప్‌లు తోడ్పడుచున్నవి. అవి వేళకు గంట మ్రోగించును; చేయు విధమును కదలు బొమ్మలతో చూపును; ఎన్ని మారులు చేసినదియు, నొప్పి సున్న మొదలు పదివరకు ఏ అంకెలో నున్నదియు గుర్తుంచి ఫిజియోథెరపిస్టునకు పంపును. జర్మనీలో 2019లో చేసిన చట్టము ననుసరించి, ప్రభుత్వ సంస్థ ఆమోదించిన ఆరోగ్య యాప్‌లను వైద్యులు మందువలెనే చీటీపై వ్రాసి యీయవచ్చును. ఖర్చును ఆరోగ్య బీమా సంస్థలు భరించును.

కొన్ని యాప్‌లు వంపును గూడ కొలుచును. ఫోనులో భూమ్యాకర్షణ దిశను కనిపెట్టు చిన్న సాధనము కలదు. ఫోను నిలువునుండి ఎంత వాలినదో దానివలన తెలియును. రోగి మంచము అంచున కూర్చుండి, ఫోనును మోకాలి క్రింద ముందువైపున పట్టీతో కట్టుకొనును. తొడ నేలకు సమాంతరముగా నుండి, క్రిందికాలు నిట్టనిలువుగా వ్రేలాడినచో వంపు 90 డిగ్రీలు. మడమ వెనుకకు పోయిన కొలది అంకె పెరుగును. నిన్న 82, నేడు 84 అని కన్నులార చూచినవారికి కలుగు ఉత్సాహము ఎవరి హితవచనములచేతను కలుగదు. అయితే ఇందొక చిక్కు కలదు. నొప్పిచే రోగి తనకు తెలియకయే నడుము ఎత్తినచో, తొడ ముందునకు వాలి క్రిందికాలు వెనుకకు పోవును. మోకాలు ఏమాత్రము ఎక్కువ వంగకున్నను ఫోను 95 అని చూపును. అది క్రిందికాలి వాలునే ఎరుగును గాని తొడను ఎరుగదు. ప్రక్కన నిలిచిన మనుమడు “నాయనమ్మా, నడుము లేపుచున్నావు” అని హెచ్చరించినప్పుడే కొలత నిజమగును.

గాయము ఎఱ్ఱబారుటయు, చీము కారుటయు ఫోనునకు తెలియవు. ఇవి గాని, జ్వరము గాని, పిక్క వాచి నొప్పిపెట్టుట గాని కనబడినచో ఆనాడే ఆసుపత్రికి తెలుపవలెను. పిక్కలోని సిరలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. హఠాత్తుగా ఆయాసమో ఎదనొప్పియో కలిగినచో యాప్‌లో అంకె వ్రాయుచు కూర్చుండరాదు; తెలుగు నాట నున్నవారు వెంటనే 108కి ఫోను చేయవలెను.