కథలో పుట్టిన విశ్వాసము మతమగునా?

"మతము" అను శబ్దమునకు సంస్కృతమున మొదటి అర్థము అభిప్రాయము. శంకర మతము, రామానుజ మతము, మధ్వ మతము అని పెద్దలు పలికినపుడు ఆయా ఆచార్యుల సిద్ధాంతమనియే వారి భావము. "ధర్మము" అను శబ్దము వేరు. ధరించునది, నిలబెట్టునది ధర్మము. మొదటిది మనుజుడు తన మనస్సుచేత పట్టుకొనునది. రెండవది మనుజుని పట్టి నిలుపునది. నేటి వ్యవహారమున ఈ రెండింటిని కలిపి మతమనియే చెప్పుకొనుచున్నాము. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో మన కాలమున తలయెత్తిన యొక చిక్కు ప్రశ్నకు సమాధానము దొరకును. ఒక రచయిత కల్పించిన కథనుండియో, ఒక చలనచిత్రమునుండియో కొందరు విశ్వాసమును గ్రహించి, అదియే తమ మతమని చెప్పినచో, అది మతమగునా?

ఇది పండితగోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఆదివారమునాడు హైదరాబాదు అబిడ్సులో కాలిబాటల మీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. అచ్చట నవలల ప్రక్కనే వ్రతకథలు, రామాయణ ప్రతులు కనబడును. చదువుకొనుచున్న పిల్లవాడు "నాన్నగారూ, అదియు కథయే, ఇదియు కథయే. దీనికి మాత్రము దీపము పెట్టుట యెందులకు?" అని అడిగినచో ఆ తండ్రి యేమి చెప్పవలెను? గద్దించుట సమాధానము కాదు. గద్దింపబడిన పిల్లవాడు మరల అడుగడు. కాని వాని సందేహము వానితోపాటు పెరుగును. కావున ఈ విషయమును మన శాస్త్రపద్ధతిలోనే, పూర్వపక్షమును ముందు చెప్పి, పిదప సిద్ధాంతమును విచారింతము.

పూర్వపక్షము

1977లో జార్జ్ లూకస్ అను అమెరికా దర్శకుడు తీసిన "స్టార్ వార్స్" అను చలనచిత్రము విడుదలయ్యెను. అందు జెడై అను యోధుల సంఘమొకటి కలదు. విశ్వమంతట వ్యాపించిన యొక శక్తిని ఆశ్రయించి వారు మంచి పక్షమున పోరాడుదురు. 2001 జనాభా లెక్కలలో ఇంగ్లాండు, వేల్సు ప్రాంతములందు 3,90,127 మంది తమ మతము జెడై అని వ్రాసిరి. అట్లు వ్రాయుడని ముందుగా ఈమెయిళ్ళ ద్వారా ప్రచారము జరిగినది. పరిహాసమునకు వ్రాసినవారును పెక్కుమంది. 2011లో ఆ సంఖ్య 1,76,632 అయ్యెను. 2021 నాటికి 1,595కు దిగినది.

అయినను అందరును పరిహాసకులు కారు. కొందరు ధ్యానమును, నియమములను ఏర్పరచుకొని సంఘములుగా కూడిరి. అట్టి సంఘమొకటి తమను ధార్మిక సంస్థగా నమోదు చేయుమని అచ్చటి చారిటీ కమిషనును కోరెను. 2016 డిసెంబరులో కమిషను ఆ కోరికను నిరాకరించినది. ఆ నమ్మకములను కేవలము లౌకిక జీవనమార్గముగా కూడ అవలంబింపవచ్చుననియు, మతమునకు వలసిన పొందిక, గాంభీర్యము వానియందు కానరాలేదనియు అది తలచినది.

ఇచ్చట పూర్వపక్షి ఇట్లు వాదించును: "రామాయణమును ఆదికావ్యమని మీరే చెప్పుదురు. వాల్మీకిని ఆదికవి యందురు. కవి కూర్చిన గ్రంథమును మీరు పూజింపవచ్చును గాని, మరియొకరు కూర్చిన కథను ఇతరులు ఆశ్రయింపరాదనుట పక్షపాతము కాదా?" ఈ ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు.

న్యాయస్థానముల దృష్టి

మన దేశమున ఈ విషయమై మొదట స్మరింపవలసినది 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన శిరూరు మఠము తీర్పు. శిరూరు మఠము ఉడుపిలో శ్రీకృష్ణుని సేవించు అష్టమఠములలో ఒకటి. మఠవ్యవహారములలో ప్రభుత్వ మెంతవరకు కలుగజేసుకొనవచ్చునను వివాదమున, అసలు మతమన నేమి యను ప్రశ్న వచ్చెను. మతము వ్యక్తులకుగాని సమాజములకుగాని చెందిన విశ్వాసమనియు, దానిని నమ్మినవారు తమ ఆత్మక్షేమమునకు సాధనముగా తలచు సిద్ధాంతములు దానికి ఆధారమనియు న్యాయస్థానము పలికినది. బౌద్ధ జైనములందువలె ఈశ్వరుని అంగీకరింపకపోయినను మతము ఉండవచ్చునన్నది. మతము సిద్ధాంతముతోనే ముగియదు. పూజలు, ఉత్సవములు, ఆహార వస్త్ర నియమములు కూడ దానిలో భాగములు కావచ్చునన్నది.

పిదప 1982లో ఆరోవిల్ వ్యాజ్యమున శ్రీ అరవిందుల బోధ మతమా, తత్త్వమా యను చర్చ వచ్చెను. అది తత్త్వమే గాని మతము కాదని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు నిర్ణయించిరి. మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు ఆ అంశమున వారితో ఏకీభవింపక, మతమను మాటకు విశాలమైన అర్థము చెప్పుకొనవలెనని వేరుగా వ్రాసిరి. ఒకే గ్రంథరాశిని చూచి ప్రాజ్ఞులైన న్యాయమూర్తులే భిన్నాభిప్రాయులైరన్నచో, ఈ ప్రశ్న ఎంత సూక్ష్మమో తెలియుచున్నది.

వీనివలన తేలిన దేమనగా, చట్టము మతముయొక్క జన్మపత్రికను ప్రధానముగా చూడదు. నమ్మకము, ఆచరణ, సమాజము అను మూడింటిని చూచును. ఒక విశ్వాసము నిన్న పుట్టినదా, వేయి యేండ్లనాడు పుట్టినదా యనునది చట్టమునకు ముఖ్యము కాదు.

సిద్ధాంతము

మన పెద్దలు కథను, ఇతిహాసమును ఏనాడును కలగాపులగము చేయలేదు. అమరసింహుడు తన కోశమున ఆఖ్యాయికను తెలిసిన విషయమును చెప్పునదిగాను, కథను కల్పించి కూర్చిన ప్రబంధముగాను వేరుపరచెను. ఇతిహాసమనగా "ఇట్లు జరిగినది గదా" యని చెప్పునది. కల్పనను కల్పనగా, వృత్తాంతమును వృత్తాంతముగా గుర్తించు వివేకము మనకు క్రొత్తది కాదు. వాల్మీకి కావ్యము వ్రాసెననగా రాముని కల్పించెనని అర్థము కాదు. ఉన్న రాముని కావ్యముగా గానము చేసెనని అర్థము. స్టార్ వార్సు కర్త తన పాత్రలు నిజముగా జీవించిరని చెప్పలేదు. ఇది మొదటి భేదము.

కాని దీనితో తృప్తిపడరాదు. "ఇది సత్యము" అని ఎవడైనను చెప్పవచ్చును. కావున రెండవ పరీక్ష కావలెను. అది పరంపర. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఎదుటివారి ఆక్షేపణములను దాచలేదు. వానిని విస్తరముగా ముందు పెట్టి, పిదప సమాధానము చెప్పిరి. ప్రశ్నింపబడి, పరీక్షింపబడి, గురువునుండి శిష్యునకు అందిన విశ్వాసము ఒక మనుజుని ఊహవలె కరగిపోదు.

మూడవది అనుష్ఠానము. మన ఆచార్యులు శ్రీరామాయణమును శరణాగతి శాస్త్రముగా సేవించిరి. విభీషణ శరణాగతి ఘట్టమును విని ఆనందించుట కథాశ్రవణము. "నేనును అట్లే సర్వమును విడిచి ఆయన పాదములను ఆశ్రయింపవలెను" అని నిశ్చయించుకొనుట మతము. ఆ నిశ్చయము దుఃఖకాలమునందును చలింపక, పరులయెడ దయగా, భాగవత కైంకర్యముగా పరిణమించుట ధర్మము. కథ ద్వారము వంటిది. ద్వారము ఎంత అందముగా ఉన్నను, లోపల గర్భగుడి ఉన్నదా లేదా యనునదే విచారింపదగినది.

మన తెలుగునాట జరిగిన పరీక్ష

ఈ విషయమున మన తెలుగువారికే గొప్ప అనుభవము కలదు. 1957లో వచ్చిన "మాయాబజార్" చిత్రమున నందమూరి తారక రామారావుగారు శ్రీకృష్ణ పాత్ర ధరించిరి. 1960లో "శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము"న శ్రీనివాసుడుగా కనబడిరి. ఆ రోజులలో తిరుపతి యాత్రకు వెళ్ళినవారు మద్రాసుకు బస్సులలో పోయి ఆయన యింటి ముందు దర్శనమునకై వేచియుండిరి. కృష్ణవేషమున ఉన్న ఆయన చిత్రపటములు ఎన్నో యిండ్ల పూజామందిరములందు చేరెను. ఆయన కుటుంబమువారి రామకృష్ణ థియేటరు అబిడ్సులోనే వెలసినది.

ఇది క్రొత్త మతమా? కాదు. "మాయాబజార్" కథకు ప్రాణమైన శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఆమె మన జానపదులు కల్పించుకొన్న పడుచు. ఆమెను ప్రేమింపని తెలుగువాడు లేడు. అయినను శశిరేఖా వ్రతము చేసిన గృహిణి లేదు. చదువు రాని ముత్తైదువకు సైతము ఏది కథయో, ఏది ఉపాస్యమో తెలియును. రామారావుగారు 1996లో పరమపదించిరి. ఆ కారణమున ఏ యింటను కృష్ణాష్టమి ఆగలేదు. తిరుమల కొండకు పోవు భక్తుల వరుస తరుగలేదు. భక్తి నటునియందు నిలిచియున్నచో నటునితో అంతరించెడిది. అది నటుని దాటి స్వామిని చేరినది కనుకనే నిలిచినది. భక్తులు ఏ రూపమును కోరుదురో ఆ రూపమునే స్వామి తనదిగా గైకొనునని పొయిగై ఆళ్వారు పలికిన భావము ఇచ్చట స్మరింపదగినది. అర్చావతారముయొక్క సౌలభ్యము అట్టిది.

మరియొక ఉదాహరణము 1975లో వచ్చిన "జై సంతోషీ మా" అను హిందీ చిత్రము. థియేటరులలో ప్రేక్షకులు పాదరక్షలు విడిచి, తెరపై పూలు చల్లిరి. సంతోషీమాత వ్రతపుస్తకములు చిత్రమునకు ముందే ఉన్నవి. చిత్రము ఆ వ్రతమును దేశమంతట ప్రాకించినది. శుక్రవారములందు బెల్లము, శనగలు నివేదించి, పులుపును వర్జించు ఆ నియమమును ఎందరో స్త్రీలు శ్రద్ధతో పాటించిరి. మన సంప్రదాయమున ఆ వ్రతము లేకపోవచ్చును. కాని పదునారు శుక్రవారములు జిహ్వను నిగ్రహించిన తల్లిని సినిమా పిచ్చిది యని నవ్వుట వైష్ణవ లక్షణము కాదు. ఆమె ప్రత్యేక మతమును స్థాపింపలేదు. ఉన్న ధర్మవృక్షమున నొక కొమ్మను పట్టుకొన్నది.

నాంపల్లి స్టేషన్ రోడ్డున

ఇక పై మూడు పరీక్షలకును నిలిచిన విశ్వాసమునకు నిదర్శనము హైదరాబాదులోనే కలదు. నాంపల్లి స్టేషన్ రోడ్డున, అబిడ్సులో, హరేకృష్ణ భక్తుల రాధామదనమోహన మందిరము ఉన్నది. భక్తివేదాంత స్వామివారు 1966లో న్యూయార్కున తమ సంఘమును స్థాపించి, 1976లో ఈ మందిరమును ప్రారంభించిరి. పాశ్చాత్యులకు కృష్ణకథ పుక్కిటి పురాణముగా తోచిన కాలమది. ఇంటిని విడిచి జపమాల పట్టిన యువకులను చూచి, ఇది మతము కాదు, మనస్సులను వశపరచుకొను ఉపాయమని న్యూయార్కులో కొందరు అభియోగము తెచ్చిరి. 1977 మార్చిలో న్యాయమూర్తి జాన్ లీహీ ఆ అభియోగమును కొట్టివేసి, ఈ భక్తిమార్గము భారతదేశమున వేల యేండ్ల మూలములు గల నిజమైన మతమని చెప్పెను.

క్రొత్త దేశమున క్రొత్తగా కనబడినంతమాత్రమున మతము కల్పితము కాదనుట ఇందలి పాఠము. దీనినే త్రిప్పి చూడవలెను. మనకు వింతగా తోచినంతమాత్రమున ఇతరుల విశ్వాసము బూటకమని మనమును అనరాదు. నాడు న్యూయార్కున మన భక్తులకు కావలసిన న్యాయమును నేడు మనము ఇతరులకు ఈయవలెను.

గృహస్థులకు విన్నపము

ఇప్పుడా పిల్లవానికి తండ్రి యిట్లు చెప్పవచ్చును: "నాయనా, కథలనుండి మతము పుట్టవచ్చును. మతమనగా మొదట అభిప్రాయమే కదా. జెడై కథను నమ్మి ఒకడు సత్యమాడి, కోపమును జయించినచో, వానిని గౌరవింపుము. కాని అభిప్రాయము ధర్మమగుటకు కాలము పట్టును. దానిని చెప్పినవాడు సత్యమని చెప్పెనా, పెద్దలు పరీక్షించి అందించిరా, కష్టకాలమున అది మనుజుని నిలిపెనా అని చూడుము. మనము దీపము పెట్టునది కాగితమునకు కాదు, కథకు కాదు. ఆ కథ చూపిన స్వామికి. మూడవ ప్రశ్నకు సమాధానము పుస్తకమున లేదు. మా నడవడిలో చూచుకొనుము."

ఈ చివరి మాట చెప్పుటకు తల్లిదండ్రులకు ధైర్యము కావలెను. నిత్యము రామాయణ పారాయణము చేయుచు, వాకిట నిలిచిన అతిథిని కసరి పంపినచో, మన యింటిలో రామాయణమును కథగా మార్చినవారము మనమే యగుదుము. ఏ రచయితయు, ఏ చలనచిత్రమును మన మతమునకు చేయలేని హానిని ఆచరణలేని పారాయణము చేయును.

కథను దాటి ధర్మమును, ధర్మమును ఆశ్రయించి తన పాదారవిందములను చేరు భాగ్యమును శ్రీనివాసుడు మనకెల్లరకును అనుగ్రహించుగాక!