నక్క తోక ఎక్కడ దొరుకుతుంది?

ఆఫీసులో ఎవరికైనా ప్రమోషన్ వచ్చిందని మెయిల్ పడగానే క్యాంటీన్‌లో మొదట వినపడే మాట, "పొద్దున్నే నక్క తోక తొక్కొచ్చాడ్రా." ఇరవై ఏళ్లకు పైగా కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పనిలో ఉన్నాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ అన్నాను. అన్న ప్రతిసారీ అందులో కాస్త కుళ్లు కలిసే ఉంది, దాచడమెందుకు. కానీ నక్క మన అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి రాదు కదా. దాని తోక తొక్కాలంటే చీకటితో లేచి పొలం గట్టు మీదో, ఊరవతల డొంకదారిలోనో నడుస్తూ ఉండాలి. తొక్కిన రోజు అందరం చూస్తాం. అంతకుముందు ఎన్నాళ్లు ఆ దారిన ఉత్త కాళ్లతో తిరిగొచ్చాడో ఎవరం చూడం.

చూడం కాబట్టే దానికా పేరు. దృష్టం అంటే కనిపించింది, అదృష్టం అంటే కనిపించనిది. మన దర్శనకారులు ఆ మాటను గట్టి అర్థంలోనే వాడారు. ఎప్పుడో చేసిన పనికి ఎప్పుడో ఫలితం వస్తే, మధ్యలో ఆ రెంటినీ కలిపే కంటికి కనపడని లంకెను అదృష్టం అన్నారు. అంటే ముందు ఒక పని ఉండాలి. ఆ ముక్క మనం సౌకర్యంగా మర్చిపోయి, లంకెను మాత్రం ఉంగరాల్లో వెతుక్కుంటున్నాం.

నేను పనిచేసిన ఒకచోట రాత్రి షిఫ్టు సపోర్ట్ టీంలో ఒకబ్బాయి ఉండేవాడు. అమెరికాలో క్లయింట్ సిస్టం ఆగిపోతే ఇక్కణ్ణుంచి సరిచేసే పని. టికెట్ వచ్చింది, మూసేశాం, క్యాబ్ ఎక్కాం, అందరి లెక్కా అంతే. ఇతను మాత్రం ఒకే రకం టికెట్ మూడోసారి వచ్చిందంటే ఒక పేజీ రాసేవాడు. ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేస్తే కదిలింది. రాసి టీం మొత్తానికి పంపేవాడు. "మనకీ రచనా వ్యాసంగం ఎందుకు బ్రో" అని నవ్వేవాళ్లు. ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి క్లయింట్ తరఫున పైస్థాయి ఆవిడ కాల్‌లోకి వచ్చింది. టీం లీడ్ సెలవులో ఉన్నాడు. ఇదే సమస్య పదే పదే ఎందుకొస్తోందని ఆవిడ అడిగితే, లైన్లో ఉన్న ఏడుగురిలో ఇతని దగ్గరే జవాబుంది, తేదీలతో సహా పదకొండు పేజీలు. ఇంకో ఆర్నెల్లకు అతనే లీడ్. ఆ రోజు పాత లీడ్ సెలవు పెట్టడం వీడి అదృష్టం అన్నారు క్యాంటీన్‌లో. నిజమే, సెలవు అదృష్టమే. పదకొండు పేజీల్ని మాత్రం ఎవరూ వచ్చి అతని డెస్క్ మీద పెట్టి వెళ్లలేదు.

అలాగని అంతా మన చేతుల్లోనే ఉందని ఊదరగొట్టే పుస్తకాలంటే నాకు చిరాకు. 2008 చివర్లో అమెరికాలో బ్యాంకులు కూలాయి. 2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. ఆ ఏడాది ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. వాళ్లకంటే రెండేళ్లు ముందు పుట్టినవాళ్లకు అవే మార్కులతో మూడేసి ఆఫర్లు. ఏ ఇంట్లో పుట్టాం, ఏ మీడియంలో చదివాం, ఫీజు కట్టే స్తోమత నాన్నకుందా లేదా, ఇవన్నీ మనం వేసిన పాచికలు కావు. అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడు, దురదృష్టవంతుణ్ణి బాగుచేసేవాడు లేడు అని సామెత. అందులో సగం నిజముంది. నా గొడవంతా మిగతా సగంతోనే.

ఆ సగం సంగతికొస్తే నాకు మట్టి గుర్తొస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లి, అక్కడి పరిశోధనకు పెద్దదిక్కయ్యారు. అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త చేరాడు. డెబ్బై దాటి, యూనివర్సిటీలో రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం అది. స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చిందని తెలిశాక మందుల కంపెనీలన్నీ మట్టి మీద పడిన కాలం. ఏ పిడికెడు మట్టిలో ఏముందో ముందే చెప్పే విద్య ఎవరి దగ్గరా లేదు. పచ్చి లాటరీ. డగ్గర్ ఏం చేశాడంటే, తనకు తెలిసినవాళ్లకు ఉత్తరాలు రాశాడు. మీ దగ్గరి మట్టి కాస్త పంపండి అని.

ఆయన ఎప్పుడో దశాబ్దాల కిందట మిస్సోరీ యూనివర్సిటీలో పనిచేశాడు. అక్కడ విలియం ఆల్‌బ్రెక్ట్ అనే నేలల శాస్త్రవేత్త, 1888 నుంచి పంటల ప్రయోగాలు నడుస్తున్న శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పొలం నుంచి కొన్ని నమూనాలు పంపాడు. అందులో గడ్డి పెంచే ఒక మడిలోని మట్టిలో బంగారు రంగు తేలే ఒక సూక్ష్మజీవి దొరికింది, 1945లో. దాన్నుంచి తీసిన మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు గారు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

ఆ మడిలో ఆ జీవి ఉండటం గుడ్డి అదృష్టం. అది ఎన్నేళ్లుగానో ఆ గడ్డి వేళ్ల కింద అలాగే పడి ఉంది. అది న్యూయార్క్ రాష్ట్రంలోని ప్రయోగశాల బల్ల మీదికి రావడానికి మాత్రం ఒక ముసలాయన కూర్చుని ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఈ ఉదంతంలో నాకు నచ్చేది ఆయన అడిగిన తీరు. "నాకో గొప్ప మందు కనిపెట్టి పంపండి" అనలేదు. మట్టి అడిగాడు. ఇచ్చేవాడికి పైసా ఖర్చు లేనిది, పావుగంటలో తేలిపోయేది. ఇలాంటివి అడిగితే జనం కాదనరు.

మా ఫోన్లకు వచ్చే మెసేజ్‌లు చూస్తే దీనికి సరిగ్గా తిరగబడి ఉంటాయి. "హాయ్ సార్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి." కింద ఒక ఫైలు, పేరు "రెస్యూమే ఫైనల్ ఫైనల్ 2". ఏం జాబు? ఎక్కడ? ఏం వచ్చు? అవన్నీ నేనే కూర్చుని తేల్చుకోవాలి. ఇది అడగటం కాదు, బరువు తెచ్చి నెత్తిన పెట్టడం. అదే ఒకమ్మాయి ఇలా రాసింది: "సార్, మీ కంపెనీలో పేరోల్ పని చేసేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో చెప్తారా? నేర్చుకుందామనుకుంటున్నా." రెండు ముక్కల్లో జవాబిచ్చాను. నాలుగు నెలలకు "నేర్చుకున్నా సార్" అని ఇంకో మెసేజ్. ఆ వారమే మా దగ్గర ఖాళీ పడింది. నేనెవరికి ఫోన్ చేసుంటాను మరి?

ఎవరిని అడగాలన్న దాని మీద పాతదే అయినా ఇప్పటికీ పనికొచ్చే పరిశోధన ఒకటుంది. మార్క్ గ్రనోవెటర్ అనే అమెరికన్ సమాజ శాస్త్రవేత్త, బోస్టన్ శివార్లలోని న్యూటన్‌లో అప్పటికి కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి, ఈ ఉద్యోగం సంగతి మీకెవరు చెప్పారు, వాళ్లను ఎంత తరచుగా కలుస్తుంటారు అని అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతం మందే. అప్పుడప్పుడూ కలిసేవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో గానీ కలవనివాళ్లు 27.8 శాతం. ప్రాణస్నేహితుల కంటే పలకరింపు స్నేహితులే ఎక్కువ పనికొచ్చారన్నమాట. దీని వెనకున్న వాదనను రాసి పంపితే ముందు ఒక పత్రిక తిప్పికొట్టింది. 1973లో ఇంకో పత్రికలో అచ్చయ్యాక సమాజ శాస్త్రంలో అందరూ ప్రస్తావించే వ్యాసాల్లో ఒకటైంది. మొదటి పత్రిక కాదన్నప్పుడు ఆయన దాన్ని సొరుగులో పడేసి ఉంటే మనకీ లెక్క తెలిసేది కాదు. 2022లో లింక్డిన్‌లోని దాదాపు రెండు కోట్ల మంది వివరాలతో మళ్లీ చూశారు. మరీ పరాయివాళ్లూ కాదు, మరీ దగ్గరివాళ్లూ కాదు, ఆ మధ్యరకం పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ అక్కరకొచ్చాయని తేలింది.

కారణం అమీర్‌పేట హాస్టల్లో ఉన్నవాడికి వివరించక్కర్లేదు. ఒకే గదిలో నలుగురు. నలుగురిదీ ఒకే కోర్సు, మైత్రీవనం పక్కన అదే ఇన్‌స్టిట్యూట్, అదే వాట్సాప్ గ్రూపు. ఒకడికి తెలిసిన ఖాళీ మిగతా ముగ్గురికీ పది నిమిషాల ముందే తెలిసి ఉంటుంది. ప్రాణమిచ్చే స్నేహితులే, కాదనను. కొత్త కబురు మాత్రం ఆ గదిలో పుట్టదు.

కొత్త కబురు పుట్టే చోటు మనకు ఒకటుంది. మనమే దాన్నుంచి పారిపోతుంటాం. పెళ్లి.

మొన్న తెనాలిలో ఒక పెళ్లికి వెళ్లాం. మా మేనల్లుడు కూడా వచ్చాడు. భోజనాల దగ్గర వరసకు పెదనాన్న అయ్యే ఒకాయన, "ఏరా అబ్బాయ్, ఏం చేస్తున్నావు?" అన్నారు. మన పిల్లలు ప్రపంచంలో అన్నిటికంటే భయపడే ప్రశ్న ఇదే. వీడు "సాఫ్ట్‌వేర్ పెదనాన్నా" అని నసిగి, ఐస్‌క్రీం వంకతో మాయమయ్యాడు. నేను పట్టుకుని అడిగా. "ఆయనకేం తెలుసు మామయ్యా, రైసుమిల్లు ఆయన!" అన్నాడు. ఆయనకు తెలియాల్సిన అవసరం లేదు. ఆయన మోసుకెళ్తే చాలు. ఆయన అల్లుడు చెన్నైలో, అల్లుడి తమ్ముడు పుణేలో, మిల్లుకు లెక్కలు చూసే ఆడిటర్ గారబ్బాయి బెంగళూరులో ఉంటారు. "బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని పెదనాన్నా, టెస్టింగ్ అంటారు. రెండేళ్లు చేశా. ఏ ఊరైనా వెళ్తా." ఇంతే చాలు. అర్థం కానివాడి నోట పడినా అర్థం చెడకుండా అవతలి ఊరికి చేరే వాక్యం ఒకటి ప్రతి మనిషి దగ్గరా ఉండాలని నా పిచ్చి నమ్మకం. వాడి చేత నాలుగుసార్లు వల్లెవేయించాను. విసుక్కున్నాడు, నేర్చుకున్నాడు.

వాక్యమొక్కటే చాలదు, పని కూడా నలుగురి కంటా పడాలి. ఇక్కడే మనవాళ్లకు మొహమాటం. యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా పని చేసి పక్కకు తప్పుకునే మనిషే. ఆయన మీద ఎంత గౌరవమున్నా, ఆ స్వభావాన్ని పాతికేళ్ల ఉద్యోగికి నేను సిఫారసు చెయ్యను. హాస్యనటుడు బ్రహ్మానందం, అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా ఉన్న రోజుల్లో, తన మిమిక్రీని స్టాఫ్ రూముకే పరిమితం చేసుకుని ఉంటే మంచి మాస్టారుగా రిటైరయ్యేవారు. ఆయన దాన్ని నలుగురి ముందుకు తెచ్చారు కాబట్టి దర్శకుడు జంధ్యాల కంటపడింది, 1987లో ‘అహ నా పెళ్ళంట!’ సినిమా వచ్చింది. జంధ్యాల దొరకడం అదృష్టమా అంటే అదృష్టమే.

ఇంత చెప్పే నేను పదేళ్ల కిందట చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. ఎప్పుడో నా కింద పనిచేసిన కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "సార్, బాగున్నారా? ఒకసారి మాట్లాడొచ్చా?" ఆరేళ్ల తర్వాత పలకరింపు. అప్పు అడుగుతాడని నాకు రూఢి అయిపోయింది. నాన్చాను. రెండు వారాల తర్వాత, మనసు పీకుతుంటే ఫోన్ చేశాను. "అయ్యో సార్, సింగపూర్‌లో కొత్త టీం కడుతున్నాం. మొదట మీ పేరే చెప్పా. మీరు పలక్కపోతే ఇష్టం లేదనుకున్నాం" అన్నాడు. ఆ కుర్చీలో అప్పటికే ఇంకొకాయన కూర్చున్నాడు. నక్క మా గుమ్మం దాకా వచ్చి, తోక చాపి, నా మొహం చూసి వెళ్లిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఏ డబ్బు విషయం వచ్చినా "సింగపూర్" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది.

ఆవిడ మొక్కే ఒకటి మొన్న నా నెత్తిన పడింది. అమ్మాయికి వీసా వస్తే చిలుకూరు బాలాజీకి నూట ఎనిమిది ప్రదక్షిణలని మొక్కుకుంది. వీసా వచ్చింది, ఆవిడకు మోకాళ్ల నొప్పులొచ్చాయి. కోరిక కోరేటప్పుడు 11, తీరాక 108, అదీ అక్కడి పద్ధతి. అంకెలు వేసిన కార్డు పట్టుకుని, చుట్టు చుట్టుకీ ఒక గీత పెట్టుకుంటూ నడుస్తున్నా. వెనకనుంచి ఒక కుర్రాడు, "అంకుల్, పెన్సిల్ ఒకసారి ఇస్తారా? నాది ఎక్కడో పడిపోయింది" అన్నాడు.

ఇచ్చాను. "పదకొండా, నూట ఎనిమిదా?"

"పదకొండే అంకుల్. జాబ్ కోసం."

"ఏం చేస్తుంటావు బాబూ?" అన్నాను. అలవాటు.

"ట్రయల్స్‌లో ఉన్నా అంకుల్."

అంతేనా అనుకుని ముందుకు కదిలాను. నాలుగడుగులేశాక పక్కకు వచ్చి, పెన్సిల్ తిరిగిస్తూ, తనంతట తనే అన్నాడు. "మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో మూడేళ్లు చేశా అంకుల్, హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద. మా యూనిట్ మూసేశారు. వైజాగ్ అయినా వెళ్తా."

హెచ్‌పీఎల్‌సీ అంటే ఏమిటో నాకు తెలీదు. వైజాగ్ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో మా తోడల్లుడికి తెలిసినవాళ్లున్నారని మాత్రం తెలుసు. నడుస్తూనే కార్డు వెనక ఆ అక్షరాలూ, కుర్రాడి ఫోన్ నంబరూ రాసుకున్నా. తీరా కార్డు తిప్పి చూస్తే, ఆ చుట్టుకు గీత పెట్టానో లేదో గుర్తులేదు. ముప్పై నాలుగా, ముప్పై అయిదా? అనుమానం వస్తే తక్కువదే లెక్క అని ఇంటి దగ్గర ముందే చెప్పి పంపారు. ముప్పై నాలుగు నుంచి మళ్లీ నడిచాను.